చెయ్యని నేరాన్ని ఎందుకు ఒప్పుకుంటారు?

[తెర మీద: ఖాళీ గది, ఒక బల్ల, రెండు కుర్చీలు]

"తప్పు చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకుంటాడండీ?" ఈ మాట మనలో చాలామంది అన్నదే. నేనూ అన్నాను.

1989 ఏప్రిల్. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జాగింగ్‌కు వెళ్లిన ఒక మహిళపై ఘోరమైన అత్యాచారం జరిగింది. ఆ కేసులో ఐదుగురు కుర్రాళ్లకు శిక్ష పడింది. వాళ్ల వయసు 14 నుంచి 16 ఏళ్లు. నలుగురు కెమెరా ముందు కూర్చుని మరీ నేరం ఒప్పుకున్నారు. ఒకడు చెప్పినదానికీ ఇంకొకడు చెప్పినదానికీ పొంతన లేదు. డీఎన్‌ఏ ఒక్కడిదీ కలవలేదు. అయినా వీడియో ముందు అవేవీ నిలబడలేదు.

2002లో, అప్పటికే వేరే నేరాలకు జైల్లో ఉన్న ఒకడు ఆ పని చేసింది తానే అన్నాడు. డీఎన్‌ఏ అతనిదే. ఐదుగురి శిక్షలూ రద్దయ్యాయి. జైలు మాత్రం అప్పటికే అనుభవించేశారు.

[తెర మీద: ఆగి ఉన్న గడియారం]

మరి ఆ వీడియో అబద్ధమా? కాదు. అందులో ఉన్నది చివరి ఘట్టం మాత్రమే. అంతకుముందు గంటల తరబడి సాగిన ప్రశ్నలు ఏ కెమెరాకూ ఎక్కలేదు. "నీ ఫ్రెండ్ నీ పేరు చెప్పేశాడు" అని పోలీసులు అబద్ధమాడతారు. ఒప్పుకుంటే ఇంటికి వెళ్లిపోవచ్చేమో అన్న ఆశ పుట్టిస్తారు. నిద్ర లేని పదిహేనేళ్ల పిల్లాడికి రేపటి జైలు కనిపించదు, ముందు ఆ గదిలోంచి బయటపడితే చాలనిపిస్తుంది. ప్రశ్నల్లో విన్న వివరాలే జవాబులై తిరిగొస్తాయి.

అమెరికాలో పోలీసులు ఇలా అబద్ధమాడినంత మాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదని 1969లోనే అక్కడి సుప్రీంకోర్టు అంది. మైనర్ల విచారణలో దాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రం ఇల్లినాయ్. అదీ 2021లో!

బ్రిటన్ ఈ పాఠం కాస్త ముందే నేర్చుకుంది. 1972లో లండన్‌లో జరిగిన ఒక హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. 1975లో అప్పీలు కోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ గొడవ రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) దాకా వెళ్లి, 1984లో కొత్త పోలీసు చట్టమైంది. విచారణ గదిలోకి టేప్ రికార్డర్ వచ్చింది.

[తెర మీద: పాత చట్టం పుస్తకం]

మన దగ్గర సంగతి చిత్రంగా ఉంటుంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్యాల చట్టమే చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. కానీ ఒక సందు ఉంది: నిందితుడు చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ మేరకు అతని మాట చెల్లుతుంది. అంటే నోరు తెరిపించాలన్న ఒత్తిడి ఎక్కడికీ పోలేదన్నమాట.

అందుకే 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ముఖ్యం. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీటీవీ ఉండాలి, మాటలు కూడా రికార్డవ్వాలి, రికార్డింగ్ 18 నెలలు దాచాలి. లోపల కొట్టారని ఫిర్యాదు వస్తే మానవ హక్కుల కమిషన్ గానీ కోర్టు గానీ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. కాబట్టి మీవాళ్లనెవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్తే, ఏ రోజు, ఎన్నింటికి లోపలికి వెళ్లారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.