తాత కథలో దయ్యాలు, మనవడి సినిమాలో దయ్యాలు

అందరికీ నమస్కారం.

పిల్లల పుస్తకం సినిమాగా వచ్చిందంటే చాలు, పెద్దవాళ్లం లెక్కలు తీస్తాం. ఏం వదిలేశారు, ఏం కలిపారు, అసలు కథను చెడగొట్టారా అని. నాకూ ఆ అలవాటు గట్టిగానే ఉండేది. దాన్ని మాన్పించింది ఒక బెంగాలీ సినిమా, ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’.

కథ రాసినాయన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురీ. పిల్లల కోసం తానే పెట్టిన ‘సందేశ్’ పత్రికలో 1915లో అచ్చు వేశారు. బెంగాలీలో సందేశ్ అంటే కబురు, మిఠాయి కూడా. ఎంత మంచి పేరో చూడండి! ఆ ఏడాది చివర్లోనే ఆయన పోయారు. ఈ సినిమా తీసిన ఆయన మనవడు సత్యజిత్ రాయ్ పుట్టింది 1921లో. అంటే తాత ఒళ్లో కూర్చుని విన్న కథ కాదిది, తాత పోయాక పుస్తకంలో దొరికిన కథ. పిల్లలు చూసే సినిమా తీయమని కొడుకు సందీప్ అడిగితే, రాయ్ ఈ కథనే ఎంచుకున్నారు. 1969లో విడుదలైంది.

గూపీకి పాట రాదు, బాఘాకు డోలు వాయించడం రాదు. ఊళ్లోంచి తరిమేస్తే ఇద్దరూ అడవిలో కలుస్తారు. వాళ్ల గోల దయ్యాలకు తెగ నచ్చేస్తుంది! కథలో ఆ సందడి కాసేపట్లో అయిపోతుంది. సినిమాలో మాత్రం ఆరు నిమిషాలకు పైగా దయ్యాలు ఆడుతూనే ఉంటాయి. మాట లేదు, పాట లేదు. నాలుగు జట్లు: రాజులు, రైతులు, తెల్లదొరలు, బొజ్జలేసుకున్న పెద్దమనుషులు. ఆ డాన్స్‌కు రాయ్ వాడింది మన కర్ణాటక తాళవాద్య కచేరి. రాజులకు మృదంగం, రైతులకు కంజీర, దొరలకు ఘటం, బొజ్జలవాళ్లకు నోటికి ఆనించి మీటే మోర్సింగ్. ఒక్కో జట్టు నడక దాని వాద్యంలోనే వినిపిస్తుంది. మొదట ఎవరి ఆట వాళ్లది, తర్వాత కొట్లాట, అందరూ కిందపడతారు. చివరికి నాలుగు జట్లూ ఒకదాని మీద ఒకటి వరసలు కట్టి ఒకే లయకు ఆడతాయి. ఎలా ఆడాయో తాత చెప్పకుండా వదిలిన చోటును మనవడు ఇలా నింపాడు.

సినిమా అంతా రంగుల్లో తీయాలని రాయ్ కోరిక. డబ్బు చాలలేదు. నలుపు తెలుపుల్లో తీసి, చివర్లో కాస్త మాత్రం రంగు పెట్టారు. నా మటుకు నాకు ఆ దయ్యాలు నలుపు తెలుపుల్లోనే బాగున్నాయి.

యుద్ధం ఘట్టం కూడా చూడండి. సైనికులు ఆకలితో నకనకలాడుతుంటారు. ఇంతలో దయ్యాలిచ్చిన వరంతో గూపీ, బాఘా రప్పిస్తే ఆకాశం నుంచి మిఠాయి కుండలు దిగుతాయి. కత్తులు అక్కడే పారేసి కుండల మీద పడతారు. బక్కచిక్కిన ఆ మొహాలను దగ్గరగా చూసినప్పుడు, పిల్లల సినిమా అన్న మాటే మర్చిపోయాను.

ఈ సినిమా మా మనవడికి చూపించాను. వాడికి బెంగాలీ ఒక్క ముక్క రాదు. దయ్యాల డాన్స్ మూడుసార్లు పెట్టించుకుని, స్టీలు పళ్లెం మీద దరువేశాడు. తర్వాత కథ చదివి తెలుగులో చెబుతుంటే, దయ్యాల దగ్గరకు రాగానే ఆపేశాడు.

“తాతయ్యా, ఇక్కడ డాన్స్ ఇంతేనా?”

“ఇంతేరా” అన్నాను.

పెన్సిల్ తెచ్చుకుని, ఆ పేజీ అంచుల్లో ఖాళీ ఉన్నంత మేరా దయ్యాలు గీసుకుంటూ కూర్చున్నాడు. పుస్తకం పాడవుతుందని నేను వారించలేదు.