పాయ చీలే చోట: నీటి లెక్క, ఇసుక లెక్క

వ్యాఖ్యాత: నమస్కారం. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుందనీ, వశిష్ఠ నుంచి దిగువన వైనతేయ చీలుతుందనీ కోనసీమలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఇలా ఒకటి రెండయ్యే చోటును గణితం ఎలా లెక్కకు తెస్తుందో, నదికీ నాడికీ రక్తనాళానికీ ఆ లెక్క ఎంతవరకు ఒకటేనో ఈ భాగంలో మాట్లాడుకుందాం. అమలాపురంలో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు గణితం బోధించిన మాస్టారు మనతో ఉన్నారు. ఎక్కడ మొదలుపెడదామండీ?

మాస్టారు: షరతులను లెక్కపెట్టడంతో మొదలుపెడదామమ్మా. కాలువలో గాని, తీగలో గాని, నాళంలో గాని నడుమ జరిగేదంతా ఒక అవకలన సమీకరణం, అంటే చోటు చోటుకూ క్షణం క్షణానికీ వచ్చే మార్పును చెప్పే సమీకరణం, చెబుతుంది. చీలిక దగ్గరకు వచ్చేసరికి ఆ సమీకరణం ఒక్కటే చాలదు. అక్కడ కలిసే మూడు కొమ్మలనూ ముడివేసే షరతులను మనం విడిగా రాసుకోవాలి. నిదానంగా పారే నది రెండుగా చీలే చోట అలాంటి షరతులు మూడు కావాలి. వచ్చిన నీరు, పోయిన నీరు సమానమన్నది ఒకటి. ఆ చోట మూడు పాయల నీటిమట్టమూ ఒకటేనన్న మాట నుంచి తక్కిన రెండూ వస్తాయి.

వ్యాఖ్యాత: విద్యుత్ వలయాలకు కిర్కాఫ్ 1845లో చెప్పింది కూడా ఇదే కదండీ?

మాస్టారు: ఇదే. అయితే అందరికీ గుర్తుండేది అందులో మొదటి సగం మాత్రమే: నోడ్‌లోకి, అంటే తీగలు కలిసే చోటులోకి, వచ్చే కరెంటూ, బయటికి పోయే కరెంటూ సమానం. అక్కడ కలిసే తీగలన్నింటికీ వోల్టేజి ఒకటేనన్న రెండో సగం లేకపోతే ఏ తీగలోకి ఎంత పోతుందో తేలదు. వచ్చినదీ పోయినదీ సమానమనే నిత్యత్వ సూత్రం మొత్తాన్ని కాపాడుతుందే గాని వాటాలు చెప్పదు. వాటాలు తేల్చే షరతు ఆ పదార్థపు స్వభావం నుంచి రావలసిందే. దాన్ని కాగితం మీద కూర్చుని కల్పించలేము. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది కనుకనే ఇంత ఒత్తి చెబుతున్నాను.

వ్యాఖ్యాత: శరీరంలో ఈ రెండో షరతు ఏ రూపంలో కనిపిస్తుంది?

మాస్టారు: నాడీకణంలో అది వోల్టేజే. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగ కోసం కెల్విన్ 1855లో రాసిన సమీకరణాన్నే దాదాపు వందేళ్ల తరువాత విల్‌ఫ్రిడ్ రాల్ డెండ్రైట్లకు, అంటే నాడీకణపు కొమ్మలకు, వర్తింపజేశారు. రక్తనాళాలలో అది పీడనం. అక్కడ ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది: నాళం ఎంత లావుండాలి? సన్నగా ఉంటే రక్తాన్ని నెట్టడానికి శక్తి ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ప్రతిఘటన వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. లావుగా ఉంటే అంత రక్తాన్ని పోషించడానికి ఖర్చు పెరుగుతుంది. రెండు ఖర్చులూ కలిపి కనిష్ఠం కావాలంటే తల్లినాళపు వ్యాసార్ధం ఘనం, పిల్లనాళాల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి సమానం కావాలని సెసిల్ మర్రీ 1926లో చూపించారు. పిల్లనాళాలు రెండూ సమానమైతే ఒక్కొక్కటి తల్లినాళంలో 0.79 వంతు ఉంటుంది, వాటి నడుమ కోణం సుమారు 75 డిగ్రీలు వస్తుంది.

వ్యాఖ్యాత: భూగర్భజలం ఊరి పుట్టే వాగులు కలిసే కోణం 72 డిగ్రీలని 2012లో ఒక సిద్ధాంతం వచ్చిందని చదివాను. రెండూ ఒకటే కారణమనుకోవచ్చా?

మాస్టారు: అనుకోకూడదమ్మా. వాగుల కోణం భూమి లోపల నీరు ఊరే తీరు నుంచి వచ్చింది; నాళాల కోణం ఖర్చు తగ్గించుకోవడం నుంచి వచ్చింది. అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన కారణాలు చుట్టాలు కావు.

వ్యాఖ్యాత: మరి మన పాయల దగ్గరకు వద్దాం. నీటికి మూడు షరతులూ దొరికాయి కదా, లెక్క పూర్తయినట్టేనా?

మాస్టారు: నీటికి పూర్తయింది, ఇసుకకు కాలేదు. నది ఇసుకను కూడా మోస్తుంది, దాని వాటాను నీటిమట్టం నిర్ణయించదు. సరిగ్గా ఆ 1926లోనే జర్మనీలో బుల్లే ప్రయోగాలు చేసి, పక్కకు చీలే కాలువలోకి నీటి వాటాను మించి అడుగు ఇసుక వెళుతుందని గమనించారు. పైనున్న నీరు వేగంగా నేరుగా సాగిపోతుంది, అడుగున మెల్లగా కదిలే నీరు సులభంగా పక్కకు మళ్లుతుంది. ఇసుక ఉండేది ఆ అడుగునే. అందువల్ల ఇసుక కోసం మరో షరతు రాయాలి. 1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు దాన్ని ఇలా రాశారు: వెడల్పులు సమానమైన రెండు పాయలలో ఇసుక నిష్పత్తి, నీటి నిష్పత్తికి 'కె' అనే ఘాతం.

వ్యాఖ్యాత: 'కె' ఒకటైతే ఇసుక, నీరు ఒకే నిష్పత్తిలో పంచుకున్నట్టు. అది న్యాయంగానే కనిపిస్తోంది కదండీ.

మాస్టారు: చూడడానికి న్యాయమే, కాని ఆ న్యాయమే ఒక పాయను మూసేస్తుంది. వేసి చూద్దాం. వాలు, వెడల్పు సమానమైన రెండు పాయలలో ఒకదాని లోతు ఏదో కారణంగా పదోవంతు తగ్గిందనుకోండి. నీరు లోతుకు ఒకటిన్నర ఘాతంగా మారుతుంది కనుక, రెండో పాయతో పోలిస్తే దానికి 85 శాతం నీరు వస్తుంది. ఇసుకను మోసే శక్తి వేగానికి సుమారు అయిదో ఘాతమని తీసుకుంటే, అది 77 శాతానికి పడిపోతుంది. 'కె' ఒకటైతే ఇసుక మాత్రం 85 శాతం వచ్చి పడుతుంది. మోయలేని ఆ తేడా మేట వేస్తుంది, లోతు ఇంకా తగ్గుతుంది, చివరికి పాయ పూడిపోతుంది. 'కె' రెండైతే వచ్చే ఇసుక 73 శాతమే. అప్పుడు పాయ తన అడుగును తానే కోసుకుని తిరిగి లోతవుతుంది. ఈ రెండింటికీ హద్దు 'కె' మూడింట అయిదు వంతులైన చోట ఉంటుంది.

వ్యాఖ్యాత: రక్తంలో కూడా కణాలు ఇలా అసమానంగా పంచుకుంటాయా?

మాస్టారు: అవును, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది అదే. కేశనాళిక చీలే చోట వేగమున్న కొమ్మ తన ప్రవాహపు వాటాను మించి ఎర్రకణాలను లాక్కుంటుంది, మెల్లని కొమ్మలోకి ఒక్కోసారి ఉత్త ప్లాస్మాయే పోతుంది. కాని అక్కడ మేట వేయడానికి అడుగంటూ లేదు. కణాలు ఎక్కువైన కొమ్మలో రక్తం చిక్కనై, ప్రతిఘటన పెరిగి, ఆ వేగానికే కళ్లెం పడుతుంది.

వ్యాఖ్యాత: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఏ షరతు రాయాలి?

మాస్టారు: అక్కడ తలుపులున్నాయి కనుక నీటిమట్టం సమానమన్న షరతు పోయి, ఏ తలుపు ఎంత ఎత్తారన్నది దాని స్థానంలోకి వస్తుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల తలతూముల దగ్గరా అంతే. వైనతేయ చీలే చోట తలుపులు లేవు. అది నది తానే తేల్చుకునే చీలిక. పైగా నిదానంగా పారే నీటిలో దిగువ సమాచారం ఎగువకు పాకుతుంది కనుక, అంతర్వేది దగ్గరా ఓడలరేవు దగ్గరా సముద్రపు పోటుపాట్లను కూడా ఆ లెక్కలో చేర్చాలి.

వ్యాఖ్యాత: అక్కడ 'కె' ఎంతో ముందే చెప్పగలమా?

మాస్టారు: పుస్తకం నుంచి తీసుకుని చెప్పలేమమ్మా. చీలికకు ఎగువన నది వంపు తిరిగితే ఇసుక లోపలి గట్టువైపు చేరుతుంది, అటువైపు పాయకు ఎక్కువ ఇసుక అందుతుంది; తూమును వంపు వెలుపలి గట్టున పెట్టమని ఇంజనీర్లు చెప్పేది అందుకే. కాబట్టి వరద రోజుల్లో రెండు పాయలలోనూ నీటినీ, అడుగు ఇసుకనూ ఒకేసారి కొలవాలి. వరద పెరిగేటప్పుడు ఒకసారి, తగ్గేటప్పుడు ఒకసారి కొలవాలి, ఎందుకంటే అదే నీటిమట్టం దగ్గర కూడా ఆ రెండు వేళల్లో ఇసుక ఒకేలా ఉండనక్కరలేదు.