మధ్యాహ్నం వేళ గ్రంథాలయం

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంటి పనులు ఒక కొలిక్కి తెచ్చుకుని ఇక్కడిదాకా వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ‘నిత్యజీవితంలో సమయ సద్వినియోగం’. పెందలాడే లేవాలి, చేయవలసిన పనులు రాసి పెట్టుకోవాలి, ఫోను పక్కన పెట్టాలి అని ఈ అంశం మీద అందరూ చెప్పే మాటలు మీరు వినే ఉంటారు. మంచి మాటలే, కాదనను. అయితే అవన్నీ తన రోజు తన చేతిలో ఉన్న మనిషికి పనికివచ్చే మాటలు. నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించే ఇల్లాలిని ఇంకొక గంట ముందు లేవమనడానికి నాకు మనసొప్పదు.

మా అమ్మకు చదువంటే ప్రాణం. ఐదో తరగతితో బడి మాన్పించారు. కొట్టు నుంచి కందిపప్పు పొట్లం వస్తే, పప్పు డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసి, ఎసరు మరిగేలోగా చదివేది. వార్త సగంలో చిరిగిపోయి ఉండేది; మిగతా సగంలో ఏముందో సాయంత్రం నాన్నగారిని అడిగేది. గ్రంథాలయం మా వీధి చివరే ఉండేది, నాన్నగారు రోజూ అక్కడికి వెళ్లి పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వచ్చేవారు. ఆయన అంత నిశ్చింతగా కూర్చోగలిగిన గంట, అమ్మ పొయ్యి ముందు గడిపిన గంటలోంచి వచ్చినదే. అందుకే సమయ సద్వినియోగం గురించి ఎవరు మాట్లాడినా, ఆ సమయం ఎవరి దగ్గర నుంచి వచ్చిందని నేను మొదట అడుగుతాను.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో మళ్లీ జరిపితే స్త్రీలకు 289, పురుషులకు 88 వచ్చాయి. ఆడవాళ్లకు తగ్గిన ఆ పది నిమిషాలు మగవాళ్లు పని అందుకోవడం వల్ల తగ్గినవి కావని ఈ లెక్కే చెబుతోంది, ఎందుకంటే వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను, అధ్యక్షులవారు మన్నించాలి. మా పేటలోని శాఖా గ్రంథాలయం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తెరిచి ఉంటుంది. ఉదయం ఆ వేళలో క్యారేజీలు, స్కూలు బస్సులు, కుళాయి నీళ్లు. సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయం తలుపులు తీసేసరికి ఇంట్లో టీ గిన్నె పొయ్యి మీదికి ఎక్కించాలి. భోజనాలయ్యాక, అంట్లు కడుక్కున్నాక, ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా ఇల్లాలికి తనదంటూ కాస్త వ్యవధి దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే గ్రంథాలయానికి తాళం ఉంటుంది. వేళలు మార్చమని వినతిపత్రాలు ఇచ్చాం, ఇంతవరకు జవాబు లేదు.

ఇదే తెలుగునేల మీద 1935లో, గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించి, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఊరూరికీ పంపించారు. పాఠకులు రాలేని చోటికి పుస్తకమే వెళ్లాలని అంత దూరం ఆలోచించిన ఉద్యమానికి వారసులం మనం. పడవలు నడపమని నేను కోరడం లేదు, వారానికి రెండు మధ్యాహ్నాలు తాళం తీయమంటున్నాను. సిబ్బంది చాలరంటే, ఆ రెండు గంటలు కూర్చోవడానికి విశ్రాంత ఉపాధ్యాయులం మేం సిద్ధంగా ఉన్నాం.

వెనక వరుసల్లో కూర్చున్న అన్నయ్యలకు, తమ్ముళ్లకు ఒక మనవి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లో ఆడవాళ్లకు రోజులో ఏ గంట కావాలో వాళ్లనే అడగండి. అడిగి, ఆ గంటలో జరగవలసిన పని మీరు అందుకోండి. ‘సాయం చేస్తున్నాను’ అని మాత్రం అనకండి, ఆ ఇల్లు మీది కూడా.

కొత్త వినతిపత్రం ద్వారం పక్కన బల్ల మీద ఉంచాం. వెళ్లేటప్పుడు అందరూ సంతకం చేయండి, మీకు ఏ వేళ అనువో పేరు పక్కన రాయండి. నమస్కారం.