ఆకలేస్తే ఎటు నడుస్తారు?

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరే ఒక తల్లి ఆపి అడిగారు: "మావాడు చదువుకి బ్రిటన్ వెళ్తున్నాడు, వంట రాదండీ, కేటర్డ్ హాల్ తీసుకుంటేనే మంచిది కదా?" అని. పక్కనే ఉన్న ఆ అబ్బాయి ఆవిడ అటు తిరిగాక మెల్లగా అడిగాడు: "అన్నా, ఎందులో అయితే ఫ్రెండ్స్ దొరుకుతారు?" నేనివాళ మాట్లాడేది ఆ అబ్బాయి ప్రశ్న గురించే. వంట ఎలాగైనా వస్తుంది. నాకే వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. బ్రిటన్‌లో డిగ్రీ మొదటి ఏడాది చదివేవాళ్లలో చాలామంది యూనివర్సిటీ హాల్స్‌లో ఉంటారు. కేటర్డ్ అంటే మెస్ ఉన్న హాస్టల్ అనుకోండి. అద్దెలోనే తిండి డబ్బు కూడా కలిపేస్తారు. ఎక్కువచోట్ల పొద్దున టిఫిన్, రాత్రి భోజనం పెడతారు, మధ్యాహ్నం మన తిప్పలు మనవి. శని, ఆదివారాల లెక్క ఒక్కో హాల్‌కి ఒక్కోలా ఉంటుంది. సెల్ఫ్ కేటర్డ్ అంటే ఐదారుగురు మొదలు పది పన్నెండు మంది దాకా ఒక ఫ్లాట్. గది ఎవరిది వాళ్లది, వంటిల్లు మాత్రం అందరిదీ. ఫ్రిజ్‌లో ఒక అర, ఫ్రీజర్‌లో ఒక సొరుగు, గోడకి ఒక అల్మరా మీ వాటా.

కొన్ని యూనివర్సిటీల్లో రెండూ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. మాంచెస్టర్‌లో ఫాలోఫీల్డ్ అనే పేటలో యాష్‌బర్న్ హాల్ కేటర్డ్, అక్కడే ఓక్ హౌస్ సెల్ఫ్ కేటర్డ్. డరమ్‌లో లెక్క వేరు. అక్కడ కాలేజీల పద్ధతి, ఏ కాలేజీలో చేరితే ఆ కాలేజీ తీరు. యూనివర్సిటీ కాలేజ్ అనే పేరున్న కాలేజీ పిల్లలు నిజంగానే కోటలో, డరమ్ కాజిల్ గ్రేట్ హాల్‌లో కూర్చుని తింటారు. 2006లో మొదలైన జోసెఫీన్ బట్లర్ కాలేజ్ వాళ్లు తమ వంట తామే చేసుకుంటారు. ఎడిన్‌బరాలో పోలక్ హాల్స్ కేటర్డ్‌కి పేరు. ఫొటోల్లో కోట చూసి ముచ్చటపడొచ్చు, తప్పులేదు. కాకపోతే కోటలోనైనా, రేకుల షెడ్డులోనైనా పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదే మనకి కావలసింది.

నేను మొదటి ఏడాది కేటర్డ్ హాల్‌లో ఉన్నాను. ఊరి పేరు ఇక్కడ అనవసరం. మొదటి రాత్రి ట్రే పట్టుకుని డైనింగ్ హాల్ మధ్యలో నిలబడ్డాను. పొడుగాటి బల్లలు, వందల మంది, ఒక్క తెలిసిన మొహం లేదు. ఏదో ఒక బల్ల దగ్గరికి వెళ్లి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడగడం తప్ప గత్యంతరం లేదు, ఎందుకంటే చేతిలో ట్రే బరువుగా ఉంది, సూప్ ఒలుకుతోంది. నాలాంటి మొహమాటస్తుడు గదిలోంచి బయటికి వచ్చాడంటే ఆకలే కారణం. ఆ వేళ అన్నం గదిలో దొరికే మాటైతే నేను రాను.

ఒక హెచ్చరిక. మొదటి రెండు వారాలు ఎవరు ఎక్కడ కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. అందరూ కొత్తే కాబట్టి. మూడో వారం దాటాక బల్లలు గట్టిపడతాయి. రగ్బీ వాళ్లది ఒకటి, కిటికీ పక్కన ఇంకెవరిదో ఒకటి. ఎవరూ రాసిపెట్టరు గానీ అందరికీ తెలుస్తుంది. ఆ రెండు వారాలూ జెట్ లాగ్ అనో, బ్యాంక్ పనులనో గదిలో ఉండిపోయినవాళ్లు తర్వాత ట్రేతో నిలబడితే అది మొదటి రాత్రి కంటే కష్టంగా ఉంటుంది. వీసా ఆలస్యమై అక్టోబర్‌లో దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

డైనింగ్ హాల్‌లో దొరికేది ఎక్కువగా ముఖపరిచయం. రోజూ ఒకే క్యూలో నిలబడే మనిషి, పేరు తెలీదు, చూస్తే నవ్వుతాడు. దాన్ని చిన్నచూపు చూడకండి. నాకు మంచి స్నేహితుడైనవాడు నెలన్నర పాటు "బంగాళాదుంపల క్యూ కుర్రాడు" మాత్రమే. ఒకరోజు లైబ్రరీలో కలిశాడు, మళ్లీ పరిచయం చేసుకోవలసిన పని లేకపోయింది.

ఇక కామన్ కిచెన్ సంగతి. చివరి ఏడాదిలో ఒక సెల్ఫ్ కేటర్డ్ బ్లాక్‌లో కొత్త పిల్లలకి సాయంగా ఉండే పార్ట్ టైం పని చేశాను. కీ పోయిందని, పొయ్యి వెలగట్లేదని, ఎవడో నా పాలు తాగేశాడని నా దగ్గరికే వచ్చేవాళ్లు. పాల గొడవలే ఎక్కువ. అక్కడ నాకు తెలిసిందేమిటంటే, వంటిల్లు బాగా కుదిరితే డైనింగ్ హాల్ దాని ముందు నిలవదు. ఎనిమిది మంది ఏడాదంతా ఒకే సింకు దగ్గర గిన్నెలు కడుక్కుంటే వచ్చే చనువు వేరు. కుదరకపోతే మాత్రం పక్క బల్లకి మారిపోయే వీలుండదు. ఆ ఎనిమిది మందే. గది మార్పు అడగొచ్చు గానీ, ఖాళీ ఉంటేనే ఇస్తారు.

ఈ లాటరీలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. చాలా యూనివర్సిటీల ఫారంలో ప్రశాంతమైన ఫ్లాట్ కావాలా, మద్యం లేని ఫ్లాట్ కావాలా, అమ్మాయిలకే కేటాయించినది కావాలా అని అడుగుతారు. ఆ గడులు ఖాళీగా వదలకండి. తర్వాత ఫొటోలు చూసేటప్పుడు మంచం కాదు, కిచెన్ చూడండి. అందులో కూర్చోడానికి బల్ల ఉందా? ఎనిమిది మందికి నాలుగు కుర్చీలేనా? సోఫా ఉందా? గోడకి ఆనించిన గట్టు, నాలుగు ఎత్తు స్టూళ్లు మాత్రమే ఉంటే అక్కడ వండుకుని ప్లేటు పట్టుకుని గదికి వెళ్లిపోతారు. ఇంకొకటి. అటాచ్డ్ బాత్రూం. మన పెద్దవాళ్లు దానికోసం ఎక్కువ డబ్బు కట్టడానికైనా సిద్ధం. నాకైతే మొదటి ఏడాదికి ఉమ్మడి బాత్రూం వల్ల మేలే జరుగుతుందనిపిస్తుంది. పళ్లు తోముకుంటూ ఎదురుపడ్డవాళ్ల దగ్గర బింకం నిలవదు. శుభ్రం సంగతి అడక్కండి, దానికి నా దగ్గర జవాబు లేదు.

అక్కడి గది తలుపులు బరువుగా ఉంటాయి, వదిలితే వాటంతటవే మూసుకుంటాయి. మంటలు పాకకుండా ఆ ఏర్పాటు. దానివల్ల మొదటి రోజు కారిడార్ అంతా ఎవరూ లేనట్టే ఉంటుంది. తలుపు తెరిచి ఉంచడానికి డోర్ స్టాపర్ తీసుకెళ్లమని ఇంటర్నెట్‌లో అందరూ చెప్తారు, హాల్ నియమాలేమో ఫైర్ డోర్‌కి అడ్డం పెట్టొద్దంటాయి. అందుకే తలుపు దగ్గర కాకుండా కిచెన్‌లో కూర్చోమంటాను. పుస్తకం పట్టుకుని అయినా సరే.

ఇప్పుడు అసలు విషయం. నేను చూసే బ్లాక్‌లో మన తెలుగు కుర్రాడొకడు ఉండేవాడు. అక్టోబర్ చివర్లో నా దగ్గరికి వచ్చి "అన్నా, మా ఫ్లాట్ శ్మశానంలా ఉంది, ఒక్కడూ గదిలోంచి రాడు" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే అదే ఫ్లాట్ వాళ్లు గోల చేస్తున్నారని కింద ఫ్లాట్ నుంచి ఫిర్యాదు వచ్చి వారం కాలేదు. "నువ్వు ఎన్నింటికి వండుకుంటావు?" అని అడిగాను. "తొమ్మిదిన్నర, పది." అదీ సంగతి. అక్కడి పిల్లలు ఆరు, ఆరున్నరకే రాత్రి భోజనం మొదలుపెడతారు. ఏడున్నరకి గిన్నెలు సింకులో పడేసి వెళ్లిపోతారు. ఇతను వచ్చేసరికి మిగిలేది ఆ గిన్నెలే. ఇతను వాళ్లని మూగవాళ్లనుకున్నాడు, వాళ్లు ఇతన్ని ఎప్పుడూ ఇంట్లో లేనివాడనుకున్నారు.

కేటర్డ్ హాల్‌లో ఈ పొరపాటు జరగదు. భోజనం వేళ దాటితే తలుపు మూసేస్తారు, తింటే వాళ్లతో పాటు తినాలి, లేదా పస్తు. నా మొదటి ఏడాదిని కాపాడింది ఆ టైం టేబుల్. కానీ దానికీ ఒక చిక్కుంది. క్లబ్బులు, సొసైటీలు, ఆటల ప్రాక్టీసులు కూడా సాయంత్రాలే. నాటకాల సొసైటీలో చేరితే వారంలో రెండు రోజులు భోజనం పోతుంది. డబ్బు మాత్రం ముందే కట్టేశారు కాబట్టి వెనక్కి రాదు. కొన్నిచోట్ల ఆలస్యంగా వచ్చేవాళ్లకి ప్లేటు తీసి ఉంచుతారు, అడిగి చూడండి. క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో మెస్ నడుస్తుందో లేదో కూడా అడగండి. ఇంటికి రాలేని మనవాళ్లకి అదే పెద్ద టెన్షన్.

వెజిటేరియన్ల గురించి ఒక్క మాట. ఆకలితో ఎవరూ పోరు. చీజ్ మీద మాత్రం నవంబర్‌కల్లా విరక్తి పుడుతుంది.

ఈ మొదటి నెలల మీద నేను ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. చాలా యూనివర్సిటీల్లో రెండో ఏడాదికి హాల్ ఖాళీ చేయాలి. నలుగురో ఆరుగురో కలిసి బయట ఇల్లు అద్దెకి తీసుకుంటారు. ఆ వేట ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? దిగిన రెండు మూడు నెలలకే, ఒక్కోచోట ఇంకా ముందే. 2022 అక్టోబర్‌లో డరమ్‌లో విద్యార్థులు ఇళ్ల ఏజెంట్ల ఆఫీసుల ముందు రాత్రంతా క్యూ కట్టారు. అంటే అప్పటికి మీకు ఎవరు తెలుసో వాళ్లతోనే తర్వాతి ఏడాది. వంటింట్లో గుంపు తయారుగా ఉంటుంది, డైనింగ్ హాల్ వాళ్లు వెతుక్కుని జతకూడాలి. ఈ ఒక్క విషయంలో సెల్ఫ్ కేటర్డ్ వాళ్లదే పైచేయి.

మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు నొచ్చుకోకండి. కేటర్డ్ గదులు ఎక్కువగా డిగ్రీ కొత్తవాళ్లకే పోతాయి, మీకు మిగిలేది దాదాపు కిచెనే. ఆరుగురు తెలుగువాళ్లం కలిసి ఇల్లు తీసుకుంటే హాయిగానే ఉంటుంది. పప్పు, గోంగూర, మహేష్ బాబు. తప్పని అనను. ఏడాది గడిచాక కొత్తగా ఎవరు పరిచయమయ్యారని మాత్రం నన్ను అడక్కండి.

నన్ను ఏదో ఒకటి తేల్చమంటే తేలుస్తాను. కొత్తవాళ్ల దగ్గర నోరు పెగలనివాళ్లు, డబ్బుకి మరీ ఇబ్బంది లేనివాళ్లు కేటర్డ్‌కి వెళ్లండి. తిండి విషయంలో నియమాలున్నవాళ్లు, సాయంత్రాలన్నీ మైదానంలోనో స్టేజీ మీదో గడిపేవాళ్లు పెద్ద బల్ల ఉన్న కిచెన్ చూసుకోండి. పోపు పెట్టేటప్పుడు కిచెన్ తలుపు మూసి, ఫ్యాన్ వేయండి. కారిడార్‌లోకి పొగ వెళ్లి ఫైర్ అలారం మోగితే బ్లాక్ మొత్తం చలిలో బయట నిలబడాలి. నా అనుభవంలో అలా కూడా చాలామంది పరిచయమవుతారు గానీ, ఆ దారి నేను సిఫారసు చేయను.

ఇంతకీ ఆ తొమ్మిదిన్నర కుర్రాడు. ఆరున్నరకే అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ వేళకి ఆకలి వేయదని మొదట నసిగాడు, మళ్లీ పదింటికి మ్యాగీ తినేవాడట. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఏడుగురికి సరిపోయే ఇల్లు ఎక్కడైనా ఉందా? కిచెన్ పెద్దది కావాలి."

మీ ప్రశ్నలు అడగండి. గుమ్మం దగ్గర కలిసిన అబ్బాయితో మొదలుపెడదాం.