మెంటార్ రిజిస్టర్ న్యాక్ కోసమా, పిల్లల కోసమా?

ప్రిన్సిపాల్స్‌కీ, కాలేజీలో నాణ్యత సంగతి చూసే ఐక్యూఏసీ కోఆర్డినేటర్లకీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు, కాబట్టి సూటిగా మాట్లాడేస్తాను.

చేరిన పిల్లలు డిగ్రీ పూర్తి చేసి వెళ్లాలంటే లెక్చరర్లు పట్టించుకోవాలని మనమందరం అంటాం. అన్నాక ఏం చేస్తాం? సర్క్యులర్ ఇచ్చి, తలా ఇంతమంది పిల్లల్ని పంచి, మెంటార్ రిజిస్టర్ తెరుస్తాం. కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ పీర్ టీమ్ రావడానికి వారం ముందు ఒకే పెన్నుతో, ఒక్క పూటలో, ఏడాది సంతకాలన్నీ అందులో పడిపోతాయి. నవ్వుతున్నారంటే మీ దగ్గరా అంతేనన్నమాట.

లెక్చరర్లకు మనసు లేక కాదండీ. వాళ్లకు సంగతి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి, దోస్త్, 2016లో వచ్చింది. అప్పటి నుంచి అడ్మిషన్లు విడతలవారీగా జరుగుతున్నాయి, ఆఖర్న స్పెషల్ ఫేజ్ ఒకటి. ఇక్కడ కాలిక్యులస్ మొదటి యూనిట్ నడుస్తుండగా ఒక కుర్రాడు కొత్తగా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. వాడికి నోట్సు లేదు, తెలిసిన ముఖం లేదు, ఇంటర్ తెలుగు మీడియంలో చదివుంటే చెప్పేది సగం బుర్రకెక్కదు. కొన్నాళ్లకు రావడం మానేస్తాడు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సీటొచ్చి వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి వీడూ అలాగే పోయుంటాడులే అనుకుంటాం. వీడెక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. పరీక్ష ఫీజు కట్టినవాళ్ల లిస్టులో పేరు కనబడనప్పుడు గానీ మనకా సంగతి తెలియదు.

అందుకే వరసగా రెండు వారాలు రానివాళ్ల పేర్లు సబ్జెక్టువారీగా ఆఫీసే తీసి లెక్చరర్ చేతికివ్వాలి. ఫోన్ కూడా సబ్జెక్టు చెప్పేవాళ్లే చెయ్యాలి. 'మీ అబ్బాయి హాజరు 75 శాతం కంటే తక్కువ' అని తండ్రికి మెసేజ్ పోతే ఇంట్లో తిట్లు పడతాయి, అంతే. అదే కెమిస్ట్రీ సార్ ఫోన్ చేసి "ఏరా, నీ రికార్డు నా టేబుల్ మీదే ఉంది, ఎప్పుడొస్తున్నావ్?" అంటే, "పెళ్లిళ్ల సీజన్ సార్, క్యాటరింగ్‌కి పోతున్నా, ఇంటికొచ్చేసరికి రాత్రి రెండవుతోంది" అని అసలు మాట బయటికొస్తుంది. అప్పుడు వాడి ల్యాబ్ బ్యాచ్ మధ్యాహ్నానికి మార్చాలి, దానికి మీ సంతకం కావాలి. వచ్చి అడిగితే మీరు "చూద్దాం" అన్నారనుకోండి, ఆయన ఇంకొకరికి ఫోన్ చెయ్యడు. నేనైనా చెయ్యను.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీవాళ్లు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో ఏసాప్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తక్కువమంది విద్యార్థులకు ఒక అడ్వైజర్, మెట్రో కార్డు, ఫీజులో తరుగు పడితే అదీ వాళ్లే కట్టారు. దాన్ని పరిశీలించిన అధ్యయనంలో మూడేళ్లకు పట్టా పొందినవాళ్లు 40 శాతం దాకా తేలారు, ఆ సాయం అందనివాళ్లలో 22 శాతం. మన దగ్గర అంత డబ్బెక్కడిదంటారు, నిజమే. కానీ ఒకటి చూడండి, ఆ పనికి వాళ్లు విడిగా మనుషుల్ని పెట్టారు, పాఠాలు చెప్పేవాళ్ల నెత్తిన రుద్దలేదు. మనం గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్‌కి కూడా మెంటీలను అంటగడతాం, ఆ ఫోన్లకు పట్టిన గంటకి మాత్రం రూపాయి ఇవ్వం. వారానికి ఒక పిరియడ్ ఈ పనికని టైమ్‌టేబుల్లో వేసి, గెస్ట్ లెక్చరర్లకు ఆ గంటా బిల్లులో కలపండి. అది చెయ్యకుండా ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా టీ బిస్కెట్ల ఖర్చే.

హాజరు తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టించుకుంటాం కదా, కట్టాడు కాబట్టి ఎందుకు రాలేదో ఇక ఎవరూ అడగరు. ఆ ఫారం మీద సబ్జెక్టు లెక్చరర్ పిల్లాడితో మాట్లాడి రెండు వాక్యాలు రాయాలని పెట్టండి.

ఆరు సెమిస్టర్లూ అయిపోయి ఒక్క పేపర్ మిగిలినవాళ్లు ఇంకొందరు. కాలేజీ దాటేశారు కాబట్టి వాళ్లు ఎవరి రిజిస్టర్‌లోనూ లేరు. పట్టాకి అందరికంటే దగ్గరున్నది వాళ్లే, ఆ పేపర్ చెప్పిన మేడమ్ నాలుగు ఆదివారాలు కూర్చోబెడితే గట్టెక్కేవాళ్లు బోలెడుమంది. లిస్టు మీ ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే ఉంది, సోమవారం తీయించండి.

టైమ్‌టేబుల్ వెంట తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. ఆ పిరియడ్ ఎక్కడ పడుతుందో ఇప్పుడే చూద్దాం.