శత్రువుల ఇంటి అన్నదమ్ములు

శ్రోతలకు నమస్కారం.

వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలం కొండమీద ఏం జరుగుతుందో మన విశాఖ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏడాది పొడుగునా చందనం పూతలో లింగాకారంగా కనిపించే అప్పన్నస్వామి ఆ ఒక్కరోజే నిజరూపంతో దర్శనమిస్తాడు. ఆ రాత్రికే మళ్లీ చందన సమర్పణ. అప్పుడు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి, వెరసి 12 మణుగుల చందనం స్వామి మీద చేరుతుంది. క్యూలో గంటలకొద్దీ నిలబడి క్షణంసేపు చూసే ఆ రూపంలో వరాహముఖం ఉంది, మనిషి దేహం ఉంది, సింహపు తోక ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి మొక్కి ఆభరణాలు సమర్పించింది కూడా ఈ మూర్తికే.

వరాహమూర్తి హిరణ్యాక్షుణ్ణి చంపాడు. నరసింహమూర్తి హిరణ్యకశిపుణ్ణి చంపాడు. పోయినవాళ్లిద్దరూ అన్నదమ్ములు. వాళ్లను చంపిన రెండు అవతారాలూ ఒకే విగ్రహంలో కలిసి ఉన్నది మన కొండమీద. అలా కలిపి చూపించమని అడిగింది ప్రహ్లాదుడని స్థలపురాణం. పోయినవాళ్లలో ఒకరు ఆ పిల్లవాడికి కన్నతండ్రి, రెండోవాడు పినతండ్రి.

దేవుళ్లలో అన్నదమ్ములు అనగానే రామలక్ష్మణులు గుర్తొస్తారు, వినాయకుడూ కుమారస్వామీ గుర్తొస్తారు. టౌన్ కొత్తరోడ్డు జగన్నాథస్వామి గుడికి వెళ్లేవాళ్లకు బలభద్రుడితో కలిసి ఉన్న కృష్ణుడు గుర్తొస్తాడు. వాళ్ల గురించి హరికథల్లో, ప్రవచనాల్లో ఎన్నోసార్లు విన్నాం. నేనివాళ అవతలి పక్షం వాళ్ల గురించి మాట్లాడతాను. అన్నదమ్ముల ప్రేమను మన పురాణాలు దేవుళ్లకే దాచిపెట్టలేదు. రాక్షసుడికీ పక్షికీ అదే ప్రేమ ఇచ్చాయి. ఒక తోబుట్టువు పోయినప్పుడు బతికున్నవాడు ఏం చేశాడన్నది చూస్తే ఆ ప్రేమ ఎంత లోతుదో తెలుస్తుంది.

ముందు హిరణ్యకశిపుడు. దితికి పుట్టిన కవలల్లో ఇతన్నే అన్నగా చెబుతుంది భాగవతం. తమ్ముడు హిరణ్యాక్షుడు అన్నకు ఇష్టుడు, అన్నను సంతోషపెట్టడమే అతనికి పని. గద భుజాన వేసుకుని లోకాల మీద యుద్ధానికి బయలుదేరిన ఆ తమ్ముడు వరాహమూర్తి చేతిలో పడిపోయాడు. కబురు విన్న అన్న శూలమెత్తి, విష్ణువు మెడ నరికి ఆ నెత్తుటితో తమ్ముడికి తర్పణం చేస్తానని శపథం పట్టాడు. ప్రహ్లాదుణ్ణి ఏనుగులతో తొక్కించినవాడిగా, విషం పెట్టించినవాడిగా మనకు తెలిసిన మనిషి కోపానికి మొదలు ఇక్కడుంది. ఆ కోపం పుట్టింది పుట్టెడు దుఃఖం నుంచి.

ఇంట్లో తల్లి ఏడుస్తోంది. తమ్ముడి భార్య, పిల్లలు ఏడుస్తున్నారు. కర్మకాండ ముగించి ఆ ఇంటి పెద్దగా హిరణ్యకశిపుడు వాళ్ల దగ్గర కూర్చుని కథ చెబుతాడు. ఉశీనర దేశపు రాజు సుయజ్ఞుడు యుద్ధంలో చనిపోయాడు. రాణులు శవం మీద పడి ఏడుస్తూ పొద్దుగుంకినా దహనం చేయనివ్వడం లేదు. అప్పుడు యముడే చిన్నపిల్లవాడి రూపంలో అక్కడికి వచ్చాడు. "నన్ను అమ్మా నాన్నా వదిలేశారు. చేతకాని పిల్లవాణ్ణి, అయినా తోడేళ్లు తినలేదు. కడుపులో ఉన్నప్పుడు కాపాడినవాడే ఇప్పుడూ కాపాడుతున్నాడు" అన్నాడు ఆ పిల్లవాడు.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కడుపులో కాపాడినవాడే అంతటా కాపాడతాడని ఆ ఇంట్లో ముందు పలికినవాడు హిరణ్యకశిపుడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న వేళ, తల్లి కన్నీళ్లు తుడుస్తూ పలికాడు. తర్వాత కొడుకు ఆ మాటనే నమ్ముకున్నాడు. కొండమీంచి తోయించినా, సముద్రంలో పడేయించినా ఆ నమ్మకం వదలలేదు. తను చెప్పిన వేదాంతాన్ని కొడుకు ఆచరిస్తుంటే తండ్రి గుర్తుపట్టలేకపోయాడు. సప్తమ స్కంధంలో ఈ ఘట్టం చదివినప్పుడల్లా హిరణ్యకశిపుడి మీద నాకు జాలే కలుగుతుంది.

వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులే సనకాదుల శాపంతో ఈ ఇద్దరుగా పుట్టారు. తర్వాత రావణ కుంభకర్ణులుగా, ఆపైన శిశుపాల దంతవక్త్రులుగా పుట్టారు. మూడో జన్మలో వాళ్లు సొంత అన్నదమ్ములు కారు, వసుదేవుడి అక్కచెల్లెళ్ల పిల్లలు. ఆ కథలో అన్నదమ్ముల ముచ్చట తక్కువ. రెండో జన్మ సంగతి అలా కాదు. అది తేలిగ్గా దాటిపోయేది కాదు.

అయితే లంక ఎక్కడుందో చెప్పింది ఒక అన్న. అతని సంగతి ముందు. సంపాతి, జటాయువు అరుణుడి కొడుకులు. పడుచుదనపు జోరులో పందెం వేసుకుని సూర్యుడి దాకా ఎగిరారు. మిట్టమధ్యాహ్నం ఎండకు జటాయువు తూలిపోతుంటే సంపాతి పైకి వచ్చి తన రెక్కలు తమ్ముడి మీద కప్పాడు. తమ్ముడు బతికాడు. అన్న రెక్కలు కాలి వింధ్యపర్వతం మీద పడ్డాడు. ఆ తర్వాత తమ్ముడు ఏమయ్యాడో ఏళ్ల తరబడి తెలియదు. సీత జాడ దొరక్క సముద్రపొడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్న వానరులను చూసి, ఇన్నాళ్లకు తిండి దొరికిందనుకున్నాడు ఆ ముసలి పక్షి. అంతలో అంగదుడి నోట జటాయువు పేరు వినబడింది, చనిపోయాడన్న మాటతో సహా. అప్పుడు సంపాతి ఆకలి మరిచి, నన్ను కిందికి దించండి, మా తమ్ముడి సంగతి చెప్పండి అని బతిమాలుకున్నాడు. అంతా విని, నూరు యోజనాల అవతల లంకలో ఉన్న సీత జాడ చెప్పాడు. చెప్పాక తనకోసం అడిగింది ఒక్కటే: "నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లండి, తమ్ముడికి నీళ్లు వదలాలి." రెక్కలు లేని ఆ పక్షిని వానరులు మోసుకెళ్లి ఒడ్డున దించారు. మహాలయ అమావాస్యనాడు మన తీరంలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి తర్పణాలు వదిలేవాళ్లను చూస్తే నాకు సంపాతి గుర్తొస్తాడు.

ఇక లంక. అక్కడ ముగ్గురు. కుంభకర్ణుణ్ణి తిండిపోతుగా, నిద్రపోతుగా చూపించి నవ్వించడం మన వేదికల మీద అలవాటు. వాల్మీకి కుంభకర్ణుడు వేరు. నిద్రలేపగానే, చేసేముందు అడగాల్సిన సలహా చేశాక అడుగుతున్నావని అన్నను నిండు సభలో మందలిస్తాడు. రావణుడికి కోపం వచ్చాక, బంధుత్వం కొద్దీ, నీమీద ప్రేమ కొద్దీ అన్న మాటలివి అని నచ్చజెప్పి, శూలం అందుకుని బయలుదేరతాడు. అన్న చేసింది తప్పని అతనికి తెలుసు. తెలిసీ వదల్లేకపోయాడు.

విభీషణుడు వదిలి వచ్చేశాడు. నలుగురు అనుచరులతో సముద్రం దాటి రాముడి శిబిరం ఎదుట ఆకాశంలో నిలిచాడు. అతన్ని నమ్మొద్దని గట్టిగా పట్టుబట్టింది సుగ్రీవుడు. కష్టకాలంలో అన్ననే విడిచినవాడు ఎవరిని విడవడు, అని అతని వాదన. వాలితో వైరం పెట్టుకుని, రాముడి బాణంతో అన్నను పడగొట్టించుకున్న సుగ్రీవుడు ఈ మాట అంటున్నాడు! రాముడు ఆ పాత గాయాన్ని కెలకలేదు. అందరు తమ్ముళ్లూ భరతుడిలాంటివాళ్లు కారు నాయనా, అని మాత్రం అన్నాడు. ఆ మాట విన్నవాళ్లలో పక్కనే ఉన్న లక్ష్మణుడూ ఉన్నాడు. తండ్రి ఇచ్చిన రాజ్యాన్ని కాదని, పాదుకలు సింహాసనం మీద పెట్టి, నారచీరలతో నందిగ్రామంలో పద్నాలుగేళ్లు కూర్చున్న భరతుణ్ణి కొలబద్దగా పెట్టుకుంటే లోకంలో ఎవరు నిలుస్తారు? అంత ఎత్తున్న తమ్ముడు ఉన్న రాముడే, ఆ ఎత్తు అందరికీ అందదని ఒప్పుకుని విభీషణుడికి చోటిచ్చాడు.

రావణుడు నేల కూలాక విభీషణుడు గుండెలవిసేలా ఏడ్చాడు. అన్నను కాదని వచ్చినవాడే, రాజ్యం చేతికి రాబోతున్నవాడే, అయినా ఏడ్చాడు. అంత్యక్రియల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనకాడాడు. పరస్త్రీలను చెరపట్టినవాడు, పేరుకే అన్న, వైరిలా మెలిగినవాడు, ఇతనికి సంస్కారం చేయడమా అన్నాడు. అప్పుడు రాముడు, చావుతో వైరాలు ముగిశాయి, మన పని నెరవేరింది, ఇతనికి జరగవలసినది జరిపించు అని చెప్పి, ఇంకొక్క మాట చేర్చాడు. ఇతను నీకెలాగో నాకూ అలాగే, అన్నాడు. భార్యను ఎత్తుకుపోయినవాడి శవం ముందు నిలబడి అన్నమాట అది. నాకు తెలిసి రామాయణం మొత్తంలో దీనికన్నా పెద్ద మాట లేదు. విభీషణుడు చితికి నిప్పు పెట్టి, స్నానం చేసి, తడిబట్టలతో నువ్వులూ దర్భలతో అన్నకు నీళ్లు వదిలాడు.

యుద్ధకాండ పారాయణ చేసేవాళ్లలో చాలామంది రావణవధ కాగానే పట్టాభిషేకానికి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్న ఈ సర్గలు వదిలేయకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లచేత గట్టిగా చదివించుకుని వినండి. సెలవు, నమస్కారం.