ఆ రీళ్ళు ఎవరు తీశారు?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి పెద్ద మాటలు చెప్పారు, వారి అభిమానం. నాకిచ్చిన అంశం డాక్యుమెంటరీల్లో యూదుల చరిత్ర, జాతీయ అస్తిత్వం. నాజీల ప్రచార చిత్రాల నుంచి ఇజ్రాయెల్ టీవీ సీరియళ్ళ దాకా వరసగా చెబుదామని రాసుకొచ్చాను. కానీ ఆ మధ్య ఒక చానెల్లో రెండో ప్రపంచ యుద్ధం మీద కార్యక్రమం చూశాక, ఒక సంగతి తేల్చకుండా నేను ముందుకు పోలేను.

అందులో వార్సా ఘెట్టో, అంటే పోలండ్‌లో నాజీలు యూదుల్ని నిర్బంధించిన వాడ, దృశ్యాలు వేశారు. చిక్కి శల్యమైన పిల్లలు, రోడ్డు పక్కన శవం, మంచి కోట్లు వేసుకుని తల తిప్పకుండా పోతున్న మనుషులు. అవి ఎవరు తీశారో ఒక్క ముక్క చెప్పలేదు. చంపేవాళ్ళు తీశారండీ! 1942 మేలో జర్మన్ ప్రచార బృందం ఘెట్టోలోకి వచ్చి నెల రోజుల పాటు తీసింది. జులై 22న అక్కడి జనాన్ని ట్రెబ్లింకా అనే నాజీ మృత్యు శిబిరానికి తరలించడం మొదలైంది.

యుద్ధం తర్వాత తూర్పు జర్మనీ ఆర్కైవ్‌లో గంట నిడివి మూగ ఫిల్మ్ దొరికింది. దాన్నుంచి ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు కోసుకుని, అచ్చమైన సాక్ష్యంగా దశాబ్దాల పాటు వాడుకున్నారు. 1998లో అమెరికాలో ఇంకో రీలు బయటపడింది. అందులో ఉన్నవి వాడకుండా పక్కన పడేసిన టేకులు. ఒకే సన్నివేశం మళ్ళీ మళ్ళీ. బాగా బట్టలేసుకున్నవాళ్ళని ఆకలితో పడి ఉన్నవాళ్ళ ముందు నుంచి పదేపదే నడిపించారు. దర్శకురాలు యాయెల్ హెర్సోన్‌స్కీ 2010లో 'ఎ ఫిల్మ్ అన్‌ఫినిష్డ్' అనే డాక్యుమెంటరీలో ఇదంతా విప్పి చూపించారు.

ఘెట్టో యూదు మండలి పెద్ద ఆడం చెర్న్యాకుఫ్ డైరీ రాసేవాడు. బృందం తన ఆఫీసుకొచ్చి గోడల మీది పటాలు తీసేసి, టేబుల్ మీద తొమ్మిది కొమ్మల దీపస్తంభం పెట్టి, కొవ్వొత్తులన్నీ వెలిగించిందని రాసుకున్నాడు. యూదుడి గది ఎలా ఉండాలో వాళ్ళే నిర్ణయించారు! తరలింపు మొదలైన మర్నాడే, జులై 23న, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఆకలి నిజం. శవాలు నిజం. వాటి పక్కన ఆ సుఖాన్ని నిలబెట్టిన తీరు అబద్ధం. తోటివాళ్ళు చస్తున్నా పట్టని జాతి అని చూసేవాళ్ళు అనుకోవాలి, అంతే. మిత్రులారా, ఆ అబద్ధాన్ని మనం ఇవాళ్టికీ జాలి పేరుతో ప్రసారం చేస్తున్నాం. నాకు కోపం అందుకే.

యూదుల ఊచకోత మీద తీసిన డాక్యుమెంటరీ 'షోవా' చూడండి. 1985లో వచ్చింది, తొమ్మిదిన్నర గంటలు. దర్శకుడు క్లోడ్ లాంజ్‌మన్ ఒక్క పాత ఫ్రేము కూడా వాడలేదు. అబ్రహాం బోంబా అనే మంగలి, ట్రెబ్లింకాలో గ్యాస్ గదికి వెళ్ళే ఆడవాళ్ళ జుట్టు కత్తిరించినవాడు, ఇజ్రాయెల్లో ఒక క్షౌరశాలలో కత్తెర ఆడిస్తూ మాట్లాడతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. నా వల్ల కాదంటాడు. లాంజ్‌మన్ వదలడు. అలా పట్టుబట్టడం నాకు ఇప్పటికీ ఇబ్బందే. ఆ షాపు కూడా షూటింగ్ కోసం అద్దెకు తీసుకున్నదే. మరి ఇదీ ఏర్పాటు చేసిన సన్నివేశమే కదా అంటారా? బోంబాకు ఆ సంగతి తెలుసు. ఒప్పుకుని కూర్చున్నాడు, తన నోటితో తన కథ చెప్పాడు. ఘెట్టోలో నడిపించిన వాళ్ళని ఎవరడిగారు?

ఇక్కడ కెమెరాలు పట్టుకుని తిరిగే పిల్లలు చాలామంది ఉన్నారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి, బెనె ఎఫ్రాయిం అంటారు. రేపు మీరు వెళతారు. షాట్ బాగా రాలేదని వాళ్ళ చేత ఇంకోసారి ప్రార్థన చేయించకండి, దయచేసి.

చీటీ వచ్చింది, టైమైపోయిందట. రెండు నిమిషాలివ్వండి, జాతీయత మాట ఎత్తనేలేదు. ఇజ్రాయెల్ టీవీ 1981లో 'అముద్ హా ఏష్' అని 19 భాగాల్లో తమ దేశం పుట్టిన కథ చెప్పుకుంది. 1998లో, దేశానికి యాభై ఏళ్ళప్పుడు, 'త్కుమా' 22 భాగాలు వచ్చింది. అందులో పాలస్తీనియన్ల గొంతు కూడా వినిపించింది. పెద్ద గొడవైంది. వ్యాఖ్యాతగా ఉన్న గాయకుడు యెహోరాం గావోన్ తప్పుకున్నాడు, మంత్రి లిమోర్ లివ్నత్ ఆపేయమంది. అయినా అది ప్రసారమైంది. సొంత టీవీలో సొంత కథని ఇలా ప్రశ్నించుకోవడం చిన్న విషయమేం కాదు. ఈ రెండింటి నుంచి చెరో భాగం తెప్పించి, పక్కపక్కన వేసి చూద్దాం. తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని నాది. హాలు మాత్రం మీరు చూడాలి, అధ్యక్షా.